కాళ్ళ దగ్గర కుంపటి

సింగపూరులో కూర్చుని కారు హీటరు చరిత్ర రాస్తున్నామంటే పాఠక మిత్రులు నవ్వుకోవచ్చు. భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ ఎగువన ఉన్న ఊరు ఇది. పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 25. డిసెంబరుకూ మే నెలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక్కడ స్వెటరు అవసరమయ్యేది ఆఫీసులోనూ సినిమా హాల్లోనూ మాత్రమే. అయినా ఈ వ్యాసం రాయక తప్పలేదు. అందుకు కారణం ఒక పెద్దావిడ అన్న మాట.

మా మిత్రులొకరి దగ్గర 1979లో వాళ్ళ నాన్నగారు కొన్న కారు ఉన్నది. నాన్నగారు పోయారు, కారు మిగిలింది. ఈ దేశంలో పాత కారును నిలుపుకోవడం అంత తేలిక కాదు. కారుకు పదేళ్ళు నిండకముందే వదిలించుకునేవారికి రాయితీ ఇచ్చే పద్ధతి 1975లో వచ్చింది. 1990 మే నెల నుంచి కారు కొనాలంటే పదేళ్ళ హక్కు పత్రాన్ని వేలంలో పాడుకోవలసి వచ్చింది. 35 ఏళ్ళు దాటిన బండ్లకు మాత్రం ఒక ప్రత్యేక పథకం ఉన్నది. ఏడాదిలో ఇన్ని రోజులే రోడ్డెక్కాలన్నది దాని షరతు. మా మిత్రులు ఆ కొద్ది రోజులలో కొన్నిటిని, తల్లిగారిని సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు తీసుకువెళ్ళడానికి అట్టేపెట్టుకుంటారు.

ఒక శనివారం కోవెల నుంచి తిరిగి వస్తుండగా ఆవిడకు కళ్ళు తిరిగాయి. "మొహానికి చల్లగాలి, కాళ్ళ దగ్గర కుంపటి! ఇదేం కారురా నాయనా?" అన్నారు. ఆ తరువాత ఆ కారు ఎక్కనన్నారు. ఒక వర్క్‌షాపువారు గ్యాసు తగ్గిందని గ్యాసు పట్టారు. ఇంకొకరు కంప్రెసరే మార్చారు. డబ్బు పోయింది, కుంపటి పోలేదు. ఇక బండిని తుక్కుకు ఇచ్చేద్దామని మా మిత్రులు నిశ్చయించుకున్నారు.

కుంపటి అన్న ఆ మాట దగ్గరే మేము ఆగిపోయాము. ఎందుకంటే హీటరు చరిత్ర మొదలైనది నిజంగా కుంపటితోనే. చలిదేశాలలో గుర్రపు బండ్ల కాలం నుంచీ ప్రయాణీకుల కాళ్ళ దగ్గర నిప్పుల పెట్టె పెట్టుకునేవారు. మొదటి మోటారు కార్లకూ అదే ఆచారం వచ్చింది. 1896లో సింగపూరులో మొదటి కారు దిగింది. అది బెంజ్ బండి. చార్లెస్ బక్లీ అనే దొర నడిపిన ఆ బండికి జనం పెట్టిన పేరు కాఫీ మిషను. పైన కప్పు లేదు, పక్కన అద్దాలు లేవు, కనుక లోపలి గాలి గురించి బెంగ కూడా లేదు.

1920లలో మూసిన కార్లు వాడుకలోకి వచ్చాక ఆ బెంగ మొదలైంది. ఇంజను పెట్రోలు నుంచి పుట్టించే వేడిలో చాలా భాగం వృథాగా పోతుంది. మొదట పొగగొట్టం వేడిని, తరువాత ఇంజనును చల్లబరిచే నీటి వేడిని కారు లోపలికి మళ్ళించారు. 1938లో అమెరికాలోని నాష్ కంపెనీ బయటిగాలిని వడకట్టి, వేడినీటి గొట్టాల మీదుగా ఫ్యానుతో లోపలికి పంపే ఏర్పాటు చేసింది. మరుసటి ఏడాది దానికి థర్మోస్టాటు చేర్చి 'వెదర్ ఐ' అని పేరు పెట్టింది.

చల్లదనం అంత సులువుగా రాలేదు. మన వైపు వేసవిలో వట్టివేళ్ళ తట్టీలు కట్టి నీళ్ళు చల్లేవారు. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. రెంటచింతల ఎండకు, తెలంగాణ పొడిగాలికి ఆ ఉపాయం చక్కగా పనిచేస్తుంది. అమెరికాలోని ఎడారి ప్రాంతాలలో ఇదే సూత్రం మీద కారు కిటికీకి తగిలించే నీటి కూలర్లు కూడా అమ్మారు. కాని సింగపూరు గాలి ఇప్పటికే తడిసి ఉన్నది. అందులో నీరు ఆవిరి కావడమే కష్టం. ఇక్కడ గాలిని చల్లబరచడమే కాదు, పిండి ఆరబెట్టవలసి ఉంటుంది. ఆ పనికి కంప్రెసరు యంత్రమే గతి. ఈ దేశపు అభివృద్ధికి తోడ్పడిన గొప్ప సాధనాలలో ఎయిర్ కండిషనరు ఒకటని లీ క్వాన్ యూ చెప్పుకున్నది ఊరికే కాదు. ప్రధాని అయ్యాక ఆయన ముందుగా చేసిన పనులలో ప్రభుత్వ కార్యాలయాలలో వాటిని పెట్టించడం ఒకటి.

ఈ యంత్రాన్ని కారులో పెట్టి మొదట అమ్మినవారు ప్యాకార్డ్ కంపెనీవారు. 1939 నవంబరులో చూపిన 1940 మోడల్‌లో 274 డాలర్లకు దాన్ని అమర్చారు. సామాన్ల డిక్కీలో సగం జాగా అదే తినేది. అంతకంటె వింత ఏమిటంటే, దాన్ని ఆపడానికి మీట లేదు. చల్లదనం వద్దనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసరు బెల్టు ఊడదీయాలి! అది రెండేళ్ళు కూడా సరిగా నిలవలేదు.

1954లో నాష్ కంపెనీవారే హీటరునూ కూలరునూ ఒకే పెట్టెలో కలిపి డ్యాష్‌బోర్డు వెనుక ఇమిడ్చారు. మా మిత్రుల కారు రోగానికి మూలం ఈ కలయికలోనే ఉన్నది. అంతకుముందు రెండూ వేరు. ఇంగ్లండు నుంచి వచ్చిన మోరిస్ మైనరు వంటి బండ్లలో హీటరు కూడా విడిగా డబ్బిచ్చి పెట్టించుకునే వస్తువే. చల్లదనం కావలసినవారు ఇక్కడ డ్యాష్‌బోర్డు కింద ఒక కూలరు పెట్టె వేలాడదీయించుకునేవారు. ఒకటి చెడితే రెండవదానికి బాధ లేదు. ఒకే పెట్టె వచ్చాక మాత్రం, చల్లని గొట్టాల మీద తడి ఆరి వచ్చిన గాలే వేడి గొట్టాల పక్కనుంచి కూడా సాగాలి. హీటరు పూర్తిగా మూసుకోకపోతే, కూలరు ఎంత శ్రమపడ్డా ఆ శ్రమను హీటరు మింగేస్తుంది.

మరి హీటరు ఎందుకు మూసుకోదు? మీట నుంచి పెట్టె వరకు మూడు రకాల దారులున్నాయి. పాత బండ్లలో సైకిలు బ్రేకుకు ఉన్నట్టు ఇనుప తీగ. తరువాతి అమెరికా బండ్లలో ఇంజను పీల్చే గాలితో పనిచేసే సన్నని రబ్బరు గొట్టాలు. ఆ పిమ్మట కరెంటు. తీగ తుప్పు పడుతుంది, రబ్బరు చిట్లుతుంది, కరెంటు తెగుతుంది. అప్పుడు పెట్టె ఏ వైపు ఉండిపోతుందన్నదే ముఖ్యం. అమెరికా బండ్లు చాలావాటిలో పీల్పు పోతే గాలి అంతా ముందు అద్దం మీదికి మళ్ళుతుంది. 1970ల చివర, 1980లలో వచ్చిన కొన్ని జర్మన్ బండ్లలో వేడినీటి వాల్వును మూసి ఉంచేది కరెంటు. కరెంటు పోతే అది పూర్తిగా తెరుచుకుంటుంది. ఇది పొరపాటు కాదు. మంచు కురిసే రాత్రి కారులో ఏది పాడయినా అద్దం మీద మంచు కరగాలి, లోపలివాళ్ళు బతకాలి. ఆ ఇంజనీరు మేలు కోరే అలా చేశాడు. సింగపూరులోనూ కార్ల కూర్పు ఫ్యాక్టరీలు ఉండేవి; బుకిట్ తిమా రోడ్డులోని ఫోర్డు ఫ్యాక్టరీ 1941 నుంచి 1980 వరకు ఉన్నది. బోల్టులు ఇక్కడ బిగించినా, సత్తువ పోయినప్పుడు మీట ఎటు వాలాలో నిర్ణయించినది మాత్రం చలిదేశమే.

ఈ సంగతి మాకు విడమర్చి చెప్పినది సిన్ మింగ్ ప్రాంతంలోని ఒక ముసలి చైనా మెకానికు. అందరూ ఆయనను అంకుల్ అంటారు. ఆయన గ్యాసు మీటరు తీయనేలేదు. ఎ.సి. ఆపించి, మీటను చలువ వైపు పెట్టించి, ఫ్యాను మాత్రం తిప్పించాడు. బయటిగాలి కంటె వేడిగాలి వచ్చింది. ఇంజను ఆపి, హీటరులోకి వెళ్ళే గొట్టాన్నీ తిరిగి వచ్చే గొట్టాన్నీ గుడ్డతో జాగ్రత్తగా తాకి చూశాడు. రెండూ కాలిపోతున్నాయి. వాల్వు మూసుకుని ఉంటే తిరిగి వచ్చే గొట్టం అంత కాలకూడదు. వాల్వు దగ్గర తేమకు చిలుముపట్టి తెగిన ఒక వైరు కనిపించింది. దాన్ని అతికించేసరికి కుంపటి ఆరిపోయింది. హీటరు గొట్టాలు రెండూ కలిపేసి ఆ పీడ వదిలించుకుందామని మా మిత్రులంటే అంకుల్ ఒప్పుకోలేదు. జోరువానలో లోపలి అద్దం మసకబారితే, తడి ఆరిన గాలికి కొంచెం వెచ్చదనం కలిపి పంపడం మంచిదట. ఎప్పుడైనా ఇంజను మరీ వేడెక్కితే, బండిని పక్కకు తీసేలోగా కాస్త వేడి లాగడానికి కూడా హీటరే ఆదుకుంటుందట.

పాత బండ్లున్న మన కుటుంబాలవారు ఇంకొన్ని గుర్తులు తెలుసుకోవడం మంచిది. అరగంట చక్కగా చల్లబడి ఆ పైన గాలి తగ్గిపోతే, గొట్టాల మీద మంచు పేరుకుంటున్నదేమో, థర్మోస్టాటు చూపించండి. కాళ్ళ కింద తివాచీ తడిస్తే నీరు పోయే గొట్టం పూడి ఉండవచ్చు. ఆ తడి జిగటగా, తియ్యని వాసనతో ఉంటే అది హీటరు కారుతున్న గుర్తు. ఫ్యాను అన్నిటికంటె పెద్ద వేగంలో మాత్రమే తిరిగితే రెసిస్టరు పోయి ఉంటుంది. వీటిలో ఏ ఒక్కదానికీ గ్యాసు మందు కాదు.

గ్యాసు మాట ఎందుకు గట్టిగా చెబుతున్నామంటే, అది మన ఒక్కరి జేబుకు సంబంధించినది కాదు. పాత కార్లలో వాడిన ఆర్-12 వాయువు 1930లో వచ్చింది. మంటరాదు, విషం కాదు అని లోకమంతా మెచ్చుకున్నది. ఇటువంటి వాయువులు ఓజోను పొరను తినివేయగలవని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1989లో సింగపూరు అందులో చేరింది. దాని బదులు వచ్చిన ఆర్-134ఎ ఓజోనును చెరపదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటె వెయ్యి రెట్లకు పైగా చెడ్డది. తెగిన వైరుకు బదులు గ్యాసు పట్టించిన ప్రతిసారీ కొంత గాలిపాలు కావచ్చు.

ఇప్పటి విద్యుత్తు కార్లలో వృథాపోయే ఇంజను వేడి లేదు. చాలావాటిలో ఒకే యంత్రం అటు తిప్పితే వేడి, ఇటు తిప్పితే చలువ ఇస్తుంది. నాష్ కంపెనీ పెట్టె కథ అక్కడికి వచ్చి నిలిచింది.

మా మిత్రుల తల్లిగారు మళ్ళీ ఆ కారులో కోవెలకు వెళ్ళారు. ఎక్కగానే చెప్పు విడిచి, ముందు కాలితో గాలిని పరీక్షించి, తరువాతే సర్దుకుని కూర్చున్నారట. "మీ నాన్న ఉంటే మొదటి రోజే కనిపెట్టేవారురా" అని కొడుకుతో అన్నారట. తుక్కు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మన సభ్యులలో ఇటువంటి పాత బండ్లను కాపాడుకుంటున్నవారు తమ అనుభవాలు రాసి పంపితే రాబోయే సంచికలో తప్పక వేసుకుంటాము.