బంపరు మెత్తబడిన కాలం

పులికాట్ సరస్సు మీదుగా వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. తడ, సూళ్లూరుపేట ప్రాంతంలో ఇనుప గేటుకు తరచూ రంగు వేయించకపోతే తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది. ఇక మద్రాసు నుంచి నెల్లూరు వైపు జీఎన్‌టీ రోడ్డు మీద తిరిగిన పాత కార్ల బంపర్ల సంగతి వేరే చెప్పాలా!

అంబాసిడర్, ఫియట్ల కాలంలో బంపరంటే ఉక్కే. రేకు మీద నికెల్ పూత, ఆపైన పల్చగా క్రోమియం. మెరుపు క్రోమియానిది, కాపలా నికెల్‌ది. ఎక్కడో చిన్న రాయి తగిలి ఈ రెండు పూతలూ లేచాయంటే ఉప్పుతేమ లోపలికి దిగేది. పైకి సూదిమొన అంత మచ్చ కనిపించేలోగా అడుగున అరచేతి మేర తుప్పు పాకేది. గుద్దుకుని వంగిన బంపరును విప్పి, వెనక డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి సుత్తితో సాపు చేసి, పాత పూతంతా ఊడదీసి, మళ్లీ ప్లేటింగుకు పంపేవారు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు వెండిరంగు కొట్టించి సరిపెట్టుకునేవారు. సామానుకు మద్రాసులో పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు. కోస్తా జిల్లాల్లో పనికి 1960ల్లో వెలసిన విజయవాడ ఆటోనగర్. డెంటింగ్ మేస్త్రీల చేతులు ఉక్కుకు అలవాటుపడ్డ చేతులు.

ఉక్కు కాని బంపరు మాట అప్పటికే గాలిలో ఉంది. 1961లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ 1200 కారుకు తెల్ల రబ్బరు బంపర్లు పెట్టారు. ఆ హెరాల్డ్‌నే తడకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ ‘స్టాండర్డ్ హెరాల్డ్’ పేరుతో తయారుచేసింది.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. 1968 పాంటియాక్ జీటీవో ముందుభాగానికి ‘ఎండ్యూరా’ అనే మెత్తని బంపరు వచ్చింది. కారు రంగే దానికీ వేశారు. సుత్తితో కొట్టినా సొట్ట పడదని ప్రకటనల్లో కొట్టి మరీ చూపించారు. 1972 సెప్టెంబరు 1 నుంచి అక్కడి ప్రభుత్వం కొత్త నిబంధన పెట్టింది. గంటకు 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్ల వేగంతో ముందువైపు గుద్దుకున్నా లైట్లవంటి భద్రతా భాగాలు చెడకూడదు. దాంతో 1973 షెవర్లే కార్వెట్ ముందుభాగం, మరుసటి ఏడాది వెనకభాగం యూరిథేన్ తొడుగులోకి మారాయి. బ్రిటిష్ ఎంజీబీకి 1974లో లావుపాటి నల్ల బంపర్లు వచ్చిపడ్డాయి. అవి నచ్చని యజమానులు నేటికీ వాటిని పీకేసి క్రోమ్ బంపర్లు బిగిస్తూనే ఉన్నారు.

మన రోడ్ల మీదికి ఈ మార్పు పెద్ద ఎత్తున తెచ్చింది మారుతి. తొలి కారు తాళంచెవి 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 1986లో ఆకారం మార్చుకుని వచ్చిన మారుతి 800కు రంగు వేయని ముదురు ప్లాస్టిక్ బంపర్లుండేవి. తర్వాత వచ్చిన కార్లలో బంపరు బాడీ రంగులోకి మారింది. అక్కడే మేస్త్రీకి కొత్త చిక్కు మొదలైంది. సుత్తి పనికిరాదు, గ్యాస్ వెల్డింగ్ మంట చూపిస్తే కరిగిపోతుంది, రేకుకు పెట్టే లప్పం ఇక్కడ పెడితే నాలుగు కుదుపులకు పెచ్చులూడుతుంది.

పెయింటుదీ అదే కథ. డూపాంట్ కంపెనీ 1920ల్లో తెచ్చిన ‘డ్యూకో’ నైట్రోసెల్యులోజ్ రంగు త్వరగా ఆరి గట్టిపడుతుంది. మన షెడ్లలో ఆ పేరు ఇంకా బతికే ఉంది. అయితే బంపరు వంగుతుంది, గట్టిపడ్డ రంగు వంగదు. అందుకే రంగు నెర్రెలు విచ్చేది. వంగినా చిట్లకుండా రంగులో కలిపే ఫ్లెక్స్ ద్రావణాలు ఈ అవసరంలోంచే పుట్టాయి.

ఇప్పుడు పని తెలిసిన మేస్త్రీ ముందు బంపరును తిరగేసి చూస్తాడు. వెనకవైపు ‘పీపీ’ అని అచ్చు ఉంటే పాలీప్రొపిలీన్, ‘పీయూఆర్’ అంటే పాలీయూరిథేన్. అచ్చు లేని పాత బంపరైతే వెనక అంచున బ్లేడుతో చిన్న చెక్కు తీసి గ్లాసు నీళ్లలో వేస్తాడు. పాలీప్రొపిలీన్ తేలుతుంది, గట్టి యూరిథేన్ మునుగుతుంది. మందు దీన్నిబట్టే. పాలీప్రొపిలీన్ వేడికి కరుగుతుంది కాబట్టి పగులును వీ ఆకారంలో చెక్కి, అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వెల్డింగ్ చేయొచ్చు. పాత కార్ల యూరిథేన్ కరగదు, కాలితే పొగే. దానికి వెనక జాలీ పరిచి, సాగే గుణమున్న రెండు భాగాల జిగురుతో అతకాలి.

పెయింటుకు ముందు వరస తప్పకూడదు. మొదట సబ్బు నీళ్లు, తర్వాత మైనం, జిడ్డు తీసే ద్రావణం, ఆ తర్వాతే వాటర్ పేపరు. కడగకుండా రుద్దితే పాలిష్‌లోని సిలికాన్ గీతల్లోకి దిగి, రంగు చేపకళ్లలా విడిపోతుంది. పాలీప్రొపిలీన్‌కు ఏ రంగూ పట్టదు. దానికి ముందుగా రంగును పట్టి ఉంచే అడ్హీషన్ ప్రమోటర్ కొట్టి తీరాలి. తడలాంటి చోట అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలిలో తేమ ఎక్కువ. అప్పుడు లాకర్ రంగు కొడితే పొర తెల్లబారుతుంది. ఆ నెలల్లో ఆరుబయట స్ప్రే గన్ పట్టకపోవడమే మంచిది.

పాత కార్లను కాపాడే ఈ పనికి ఇప్పుడు చట్టం కూడా విలువిచ్చింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. నేడు ఆ హోదా దక్కే మన దేశపు కార్లలో దాదాపు అన్నీ ఉక్కు బంపర్లవే. 1986 నాటి మారుతికి 50 ఏళ్లు నిండేది 2036లో. తడ పక్కనే ఉన్న శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి. కొత్త ప్లాస్టిక్ బంపరుకు ఇక్కడ కరువు లేదు. ఆగిపోయిన మోడల్ బంపరును మాత్రం ఎవరూ మళ్లీ అచ్చుపోయరు. 1980ల నాటి కారున్నవారు పగిలిన బంపరును పాత సామాన్లవాడికి వేయకుండా, అది ఏ ప్లాస్టికో చూడగల మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాలి.