ఫిడేలు మన చేతికి వచ్చిన కథ

మన పాఠశాల కార్యాలయంలో, హాజరుపట్టీల బీరువాపైన, ఒక నల్లని చెక్కపెట్టె ఉన్నది. నా విద్యార్థి దశలో అది సంగీతం పంతులమ్మగారి ఫిడేలు పెట్టె. శుక్రవారం చివరి పీరియడులో ఆమె దానిని తెరిస్తే తరగతి అంతా నోరు మెదపక కూర్చునేది. పదవీ విరమణ నాడు ఆమె దానిని పాఠశాలకే విడిచి వెళ్లారు. ఈ ప్లాటినం జూబిలీ సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయవలసివచ్చినపుడు నాకు ఆ పెట్టెయే గుర్తుకు వచ్చినది. అందులోని వాద్యం కథలో మన మద్రాసుకు, మన తెలుగువారికి ఉన్న పాలు చిన్నది కాదు.

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) ఈ నగరానికి చేరువనున్న మణలిలో పెరిగారు. అక్కడి జమీందారు ఆ సోదరులను సెయింట్ జార్జి కోటలో ఆంగ్లేయుల బ్యాండు వినడానికి తీసుకొనిపోయేవారట. అన్నగారు ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు, అవే నొట్టుస్వరాలు. తమ్ముడు మాత్రం ఆ వాద్యాన్నే చేతికి తీసుకొన్నారు. ఒక ఐరోపా వాదకుని వద్ద నేర్చి, దానిపై మన రాగాలను పలికించారు.

అయితే అది మన గమకానికి లొంగాలంటే ఎన్నో మార్పులు కావలసివచ్చినవి. పాశ్చాత్యులు నిలబడి, దానిని గడ్డం కింద అదిమి పట్టుకొంటారు. మనవారు నేలపై కూర్చొని, వాద్యం తలను కుడిపాదంపై ఆనించారు. దీనితో ఎడమచేతికి మోసే పని తప్పి, వ్రేళ్లు తీగపై హాయిగా జారగలిగినవి. వారు నాలుగు తీగలను వరుసగా పంచమాంతరంలో శ్రుతి చేస్తారు; మనకు షడ్జ పంచమాలే రెండు స్థాయిలలో నిలిచినవి. ఈ మార్పులను ఏ సభా తీర్మానించలేదు. వాయిస్తూ వాయిస్తూ వాదకులే కనుగొన్నారు.

ఉపాధ్యాయురాలిగా నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టం 1919 నాటిది. ఆ యేడు విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. అంధుడైన ఒక ఉద్యోగి కుమారునికి సంగీతం నేర్పించాలన్న తలంపే కళాశాలగా పెరిగినదని అక్కడివారు చెప్పుకొంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. విద్యార్థిగా చేరాలని ఒక పాతికేళ్ల యువకుడు వచ్చి ఫిడేలు వాయించి చూపాడు. విన్న పెద్దలు అతనిని విద్యార్థిగా కాదు, ఫిడేలు ఆచార్యునిగానే తీసుకొన్నారు! ఆ యువకుడే ద్వారం వేంకటస్వామి నాయుడుగారు. 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖ ప్రాంతంలో పెరిగి, అన్నగారి వద్ద తొలిపాఠాలు నేర్చినవారు. చూపు మందం. కనుక చెవియే ఆయనకు పుస్తకమైనది. పాశ్చాత్య వాదకుల కమాను పద్ధతిని శ్రద్ధగా గ్రహించి, నిడుపైన కమానుతో గాత్రంవంటి నాదాన్ని సాధించారు. పక్కవాద్యంగానే ఉంటూ వచ్చిన ఫిడేలును తనికచేరీకి తెచ్చారు. మొదటిది 1938లో వేలూరులో జరిగినదంటారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చినది. ఆ తరువాత జస్టిస్ రాజమన్నారుగారి ఇంట యెహుదీ మెనూహిన్ ఆయన వాద్యం విని ఆశ్చర్యపడ్డాడు. పడమటినుండి వచ్చిన పనిముట్టును పడమటివాడే వచ్చి మనవద్ద విన్నాడన్నమాట. నాయుడుగారు 1936నుండి కళాశాలకు అధ్యక్షులుగా కూడా పనిచేశారు. 1964లో ఈ నగరంలోనే కన్నుమూశారు.

ఇంత వ్రాసిన నేనే ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట పదవ తరగతి ఫలితాలు తగ్గినపుడు, సంగీతం పీరియడును లెక్కలకు మార్చినది నేనే. తల్లిదండ్రులు మెచ్చుకొన్నారు. ఫలితాలూ కొంత మెరుగైనవి, ఆ మాట దాచను. కాని ఆ పిమ్మట వార్షికోత్సవంలో ప్రార్థనగీతాన్ని సెల్‌ఫోనులో పెట్టి వినిపించవలసివచ్చినది. వేదికపైన పిల్లలు చేతులు కట్టుకొని నిలబడ్డారు.

ఈ సంచిక పని మొదలైన పిదప పెట్టె తెరిపించాను. రెండు తీగలు తెగి, కమాను వెంట్రుకలు ఊడి ఉన్నవి. ఒక పూర్వ విద్యార్థి బాగుచేయించి ఇచ్చాడు. ఏడవ తరగతి పిల్ల ఒకతె సరళీస్వరం మొదటి వరుస వాయించింది. కీచుమన్నదే ఎక్కువ! అయినా మరునాడు విరామ సమయంలో నా గది గుమ్మం వద్ద తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. వచ్చే విద్యాసంవత్సరపు కాలపట్టికలో శుక్రవారం చివరి పీరియడు ఎదుట తిరిగి సంగీతమని వ్రాశాను. లెక్కల మాస్టారు ఇంకా సంతకం పెట్టలేదు.