అబ్సల్యూట్ డ్రిఫ్ట్

అబ్సల్యూట్ డ్రిఫ్ట్ కెనడా దేశములోని వాంకూవర్ నగరానికి చెందిన ఫన్‌సెలెక్టర్ ల్యాబ్స్ అనే చిన్న సంస్థ తయారు చేసిన వీడియో గేమ్. దీని రూపకర్త డూన్ కాసు. 2015 జూలైలో మొదట కంప్యూటర్లకు విడుదలైంది. మెరుగుపరచిన రూపము "జెన్ ఎడిషన్" అనే పేరుతో 2016లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాలకు వచ్చింది. ఆ తరువాత నింటెండో స్విచ్ యంత్రానికి, సెల్‌ఫోన్లకు కూడా విస్తరించింది.

కార్ల ఆటలన్నింటిలో సాధారణంగా కనిపించే ప్రత్యర్థి కార్లు, జనసమ్మర్దము, కథ ఇందులో లేవు. కారును అదుపు తప్పకుండా జారించడమనే ఒక్క విద్యను మాత్రమే ఈ ఆట పరీక్షిస్తుంది.

డ్రిఫ్టింగు

మలుపులో కారు వెనుక చక్రాలు నేలపై పట్టు కోల్పోయి, వెనుక భాగము వెలుపలి వైపునకు జారుతూ ఉండగా, ఆ జారుడును అదుపులో ఉంచుకొని మలుపంతా దాటడాన్ని డ్రిఫ్టింగు అంటారు. దొర్లుతున్న చక్రానికి నేలపై ఉండే పట్టు కంటే జారుతున్న చక్రానికి ఉండే పట్టు తక్కువ. అందువల్ల ఒకసారి మొదలైన జారుడు దానంతట అది ఆగదు. విడిచిపెడితే కారు బొంగరంలా తిరిగిపోతుంది. కారు కుడికి తిరుగుతూ వెనుక భాగము ఎడమకు జారినప్పుడు చోదకుడు స్టీరింగును ఎడమకే తిప్పాలి. అనగా ముందు చక్రాలు కారు ముఖమున్న దిక్కును కాక, కారు నిజంగా పోతున్న దిక్కును చూస్తూ ఉండాలి. ఇసుక పేరుకున్న మలుపులో సైకిలు వెనుక చక్రము జారిన అనుభవమున్న వారికి ఈ విషయము సులభంగానే బోధపడుతుంది.

ఈ పద్ధతికి ఆద్యునిగా 1970లలో పేరుపొందిన జపాను రేసరు కునిమిత్సు తకహాషిని చెబుతారు. ఆయనను చూసి నేర్చుకున్న కెయిచి త్సుచియా కొండదారులపై దీనిని సాధన చేసి, 1987లో వెలువడిన ఒక వీడియో ద్వారా ప్రసిద్ధుడయ్యాడు. 2001 నాటికి జపానులో డి1 గ్రాండ్ ప్రి పేరిట డ్రిఫ్టింగు పోటీలు క్రమబద్ధంగా జరగసాగాయి. ఈ పోటీలలో ముందుగా గమ్యము చేరడము ముఖ్యము కాదు. జారిన కోణము, వేగము, పట్టిన దారి చూసి న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. ఆట మూలసూత్రము కూడా ఇక్కడి నుండి గ్రహించినదే.

ఆడే విధానము

దృశ్యము పైనుండి చూసినట్లుగా ఉంటుంది. నేల, కట్టడాలు చాలావరకు తెలుపు. అక్కడక్కడ ఎరుపు, బూడిద రంగులు, వాటిపై నల్లని టైరు చారలు. ఈ నిరాడంబరత కేవలము అలంకారము కాదు. తెల్లని నేలపై మిగిలిన చారను చూస్తే తాను ఎక్కడ ఎక్కువ జారాడో, ఎక్కడ తడబడ్డాడో ఆటగానికి వెంటనే తెలిసిపోతుంది.

ఆడుటకు కావలసిన మీటలు కొద్దివే: వేగము, బ్రేకు, చేతిబ్రేకు, కుడి ఎడమలు. అయినప్పటికీ మొదట్లో చాలామందికి ఆట చేతికి రాదు. పైనుండి చూసే దృశ్యములో కారు తెర కిందివైపునకు వస్తున్నప్పుడు దాని కుడి చేయి ఆటగానికి ఎడమవైపున ఉంటుంది. దీనికి తోడు జారుడులో స్టీరింగును విపరీత దిశలో తిప్పవలసి రావడంతో తికమక రెట్టింపవుతుంది. విమర్శకులు రూపాన్ని, సంగీతాన్ని మెచ్చుకొని, కష్టాన్ని మాత్రము లోపంగా ఎత్తిచూపారు. ఇది కొంతవరకు న్యాయమే గాని, ఆ కష్టము తొలగిస్తే ఈ ఆటలో నేర్చుకోవలసినది మిగలదు.

జారుడు తెగకుండా సాగేకొద్దీ పాయింట్లు హెచ్చింపబడుతూ పోతాయి. గోడను ఢీకొంటే ఆ వరుస తెగిపోతుంది. స్వేచ్ఛగా తిరిగే ప్రదేశాలలో చిన్న చిన్న లక్ష్యాలను పూర్తి చేస్తే తక్కిన పోటీలు తెరుచుకుంటాయి. వీటిలో మూసిన ట్రాకులపై జరిగేవి, కొండదారిలో దిగేవి, "డ్రిఫ్ట్‌ఖానా" అనేవి ముఖ్యమైనవి. జెన్ ఎడిషన్‌లో రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగులో నడిపే పోటీలు చేర్చారు.

డ్రిఫ్ట్‌ఖానా అనే మాట

ఈ పేరు "జింఖానా" నుండి కల్పించినది. మోటారు క్రీడలలో జింఖానా అంటే శంకువులు వంటి అడ్డంకుల చుట్టూ కారును నేర్పుగా తిప్పే పోటీ. అమెరికా చోదకుడు కెన్ బ్లాక్ 2008 నుండి తీసిన వీడియోలతో ఈ మాట లోకమంతటా వ్యాపించింది. మాట మాత్రము భారతదేశములో పుట్టినదే. హిందుస్తానీలోని "గేంద్‌ఖానా" (బంతి ఆటల స్థలము) ఆంగ్లేయుల నోట ఇలా మారిందని సాధారణంగా చెబుతారు. సికింద్రాబాదు జింఖానా మైదానము పేరు కూడా ఈ మాటే.

సంగీతము

సి41, నైట్ అనే కళాకారులు సమకూర్చిన డ్రమ్ అండ్ బాస్ తరహా సంగీతము నాలుగు గంటలకు పైగా ఉంది. ఒకే మలుపును పదేపదే ప్రయత్నించే ఆటగానికి విసుగు కలగకుండా ఇది తోడ్పడుతుంది.

తరువాతి రచన

ఇదే సంస్థ 2020 సెప్టెంబరులో ఆర్ట్ ఆఫ్ ర్యాలీ అనే మరో ఆటను విడుదల చేసింది. ఇందులోనూ దృశ్యము ఎత్తు నుండే కనిపిస్తుంది గాని, తెల్లని నేలకు బదులు ఫిన్లాండు, జపాను వంటి దేశాల రంగురంగుల దారులు ఉంటాయి. అక్కడ లెక్కకు వచ్చేది కాలము; మలుపులో కారును జారించడము త్వరగా దాటుటకు ఒక సాధనము మాత్రమే.