పొచ్చెర రెండు సెకండ్లు, కుంటాల మూడు

ఆదిలాబాద్ జిల్లాలో బోథ్ దగ్గరి పొచ్చెర జలపాతం ఎత్తు సుమారు 20 మీటర్లు. కడెం నది మీది కుంటాల ఎత్తు సుమారు 45. బడి లెక్కల్లో లాగే గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే, పొచ్చెర పైనుంచి వదిలిన రాయి 2 సెకండ్లలో, కుంటాల పైనుంచి వదిలింది 3 సెకండ్లలో కిందికి చేరుతుంది. మొదటి సెకండులో 5 మీటర్లు, రెండో సెకండులో 15, మూడో సెకండులో 25. ఐదుతో భాగిస్తే 1, 3, 5 అనే బేసి సంఖ్యల వరుస ఇది. సమత్వరణ చలనం పాఠానికి ఇంత ముచ్చటైన జంట దొరకడం అరుదు. నీటికి మాత్రం ఈ లెక్క కుదరదు. కుంటాలలో నీరు బండలకు తగులుతూ దిగుతుంది.

ఈ వరుసను గెలీలియో 1638లో ప్రకటించాడు. నిట్టనిలువుగా పడే వస్తువు కంటికి అందదు కనుక, ఏటవాలు చెక్కకు గాడి తొలిచి, అందులో కంచు గుండు దొర్లించాడు. గుండు దొర్లినంతసేపు తొట్టి నుంచి సన్నగా కారిన నీటిని పట్టి, తూచి, కాలం లెక్కగట్టాడు.

అసలు కీలకం అంతకు 300 ఏళ్ల ముందే దొరికింది. 1330లు, 40ల నాటి ఆక్స్‌ఫర్డ్‌లో, మెర్టన్ కళాశాల పండితులు హేట్స్‌బరీ, స్వైన్స్‌హెడ్, డంబుల్‌టన్ ఒక్క రాయీ జారవిడవకుండా, కేవలం తర్కంతో ఆలోచించారు. వేగం ఒకే తీరున పెరిగితే, సాగిన దూరం అంతే కాలం సగటు వేగంతో నిలకడగా సాగిన దూరానికి సమానమని తేల్చారు. కొద్దికాలానికే ఫ్రాన్సులో ఒరెమ్ అనే పండితుడు దాన్ని బొమ్మగా గీశాడు: కాలం అడ్డంగా, వేగం నిలువుగా. ఏర్పడిన త్రిభుజం వైశాల్యమే దూరం. కుంటాల రాయికి తొలి వేగం 0, తుది వేగం 30, సగటు 15. మూడు సెకండ్లకు 45 మీటర్లు. బట్టీ పట్టిన సూత్రంతో పనే లేదు.

తర్వాతి శతాబ్దాల్లో బీజగణితం వచ్చి త్రిభుజాన్ని మూడు సమీకరణాలుగా కుదించింది. లెక్క వేగంగా తేలుతుంది, నిజమే. కానీ ఆ బొమ్మ మనసులోంచి చెరిగిపోవడం పెద్ద నష్టం.

ఇక్కడ ఈ పాఠం చెప్పిన భాష కూడా మారుతూ వచ్చింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రాన్ని ఉర్దూలో బోధించింది. వేగాన్ని ‘రఫ్తార్’ అని చదివిన తరం అది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలతో త్వరణం, స్థానభ్రంశం వంటి మాటలు కళాశాలల్లో స్థిరపడ్డాయి. వాటిలో అందమైనవి తొలి వేగం, తుది వేగం: రెండింటినీ కూడి సగం చేస్తే మెర్టన్ సూత్రమే.

ఆ మూడు సమీకరణాల్లో మూడోది కాలాన్నే తొలగిస్తుంది. కుంటాల లెక్కలో 2ను 10తో, 45తో గుణిస్తే 900. దాని వర్గమూలం 30, సెకండుకు మీటర్లలో. అంటే అడుగుకు చేరేసరికి రాయి వేగం గంటకు 108 కిలోమీటర్లు.