అనంతపురం ప్రాంతపు నాణేల నిక్షేపాలు

అనంతపురం ప్రాంతపు నాణేల నిక్షేపాలు అనగా రాయలసీమలోని ఈ కరువు పీఠభూమిలో పాడుబడిన ఇళ్ళలో, కోటలలో, జనం విడిచిపోయిన గ్రామస్థలాలలో ఒకప్పుడు దాచబడి, తరువాతి కాలంలో బయటపడే పాత నాణేలు. వాడుకలో వీటిని గుప్తనిధులు అనీ, బిందెలలో ఉన్నట్లు చెప్పుకొనే వాటిని లంకెబిందెలు అనీ అంటారు. ఈ వ్యాసంలో అనంతపురం ప్రాంతం అంటే 1882లో బళ్ళారి జిల్లా నుండి వేరుచేసి ఏర్పరచిన పాత అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ 4న దీనిలో కొంత భాగం శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడినది. నాణెం దొరికిన చోటు, లోతు, దానితో పాటు దొరికిన వస్తువులు తెలిసినప్పుడే అది చరిత్రకు ఆధారమవుతుంది. ఆ వివరాలు పోతే మిగిలేది లోహం మాత్రమే.

చారిత్రక నేపథ్యం

ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. కరువు వచ్చినప్పుడల్లా జనం ఊళ్ళు విడిచి వలసపోవడం ఇక్కడ చాలా కాలంగా ఉన్నది. 1876-78 నాటి మహాకరువు దక్షిణ భారతదేశంలో లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. మనుషులు లేని గ్రామాన్ని రెవెన్యూ పరిభాషలో బేచిరాకు గ్రామం అంటారు. పారశీక భాషలో చిరాగ్ అంటే దీపం; బేచిరాకు అంటే దీపం పెట్టే దిక్కు లేని ఊరు అని అర్థం.

కరువుకు యుద్ధాలు తోడైనవి. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారినది. గుత్తి కోట విజయనగర పాలకుల తరువాత పలువురి చేతులు మారి, మరాఠా నాయకుడు మురారిరావు వశంలో ఉండగా 1776లో హైదరాలీ దానిని పట్టుకున్నాడు. టిప్పు సుల్తాన్ పతనానంతరం నిజాముకు దక్కిన ఈ సీమ 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమైనది. ఒక్కొక్క పాలకునితో ఒక్కొక్క నాణెం వచ్చినది. ప్రతి అలజడిలోనూ కొంత సొమ్ము మట్టిలోకి పోయినది.

దాచిన విధానం

బ్యాంకులు లేని కాలంలో ఇల్లే ఖజానా. రాతితో, మట్టితో కట్టిన మిద్దె ఇళ్ళలో గోడలు మందంగా ఉండేవి. గోడ గూళ్ళ వెనుక, గడప కింద, పొయ్యి దగ్గర, ధాన్యం నిలువచేసే పాతర అడుగున కుండలలోనో చెంబులలోనో నాణేలు దాచేవారు. దాచిన మనిషి వలసలోనో అంటురోగంలోనో మరణిస్తే ఆ చోటు ఇంకెవరికీ తెలిసేది కాదు. మిద్దె కూలి, గోడ వానకు కరిగినప్పుడు, లేదా కొత్త ఇంటికి పునాది తవ్వినప్పుడు అవి బయటపడతాయి.

నిధులపై హక్కు గురించిన ఆలోచన కూడా పాతదే. విజయనగర కాలపు దానశాసనాలలో భూమితో పాటు ఇచ్చే అష్టభోగాలలో నిధి, నిక్షేపాలు మొదటగా కనిపిస్తాయి. వాటి తరువాత జలం, పాషాణం మొదలైనవి వస్తాయి. అనగా భూమిని పొందినవారికి దాని అడుగున దొరికే సొమ్ముపై కూడా హక్కు దత్తమయ్యేది.

నాణేల రకాలు

విజయనగర నాణేలు: వీటిలో ముఖ్యమైన బంగారు నాణెం వరాహ లేక గద్యాణం. దీని బరువు సుమారు 3.4 గ్రాములు. ఇందులో సగం ప్రతాప. అన్నింటికంటే చిన్నదైన బంగారు పణం గ్రాములో మూడవ వంతు బరువు మాత్రమే ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయల వరాహాలపై ఒక వైపు బాలకృష్ణుని రూపం, మరొక వైపు నాగరి లిపిలో రాజు పేరు ఉంటాయి. రోజువారీ వ్యవహారాలకు రాగి కాసులు వాడేవారు.

మైసూరు నాణేలు: టిప్పు సుల్తాన్ గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడ టంకశాల నడిపాడు. అతని రాగి పైసాలపై ఒక వైపు ఏనుగు బొమ్మ, మరొక వైపు పారశీక లిపిలో టంకశాల పేరు ఉంటాయి. మౌలూదీ శకపు సంవత్సరం ఉన్న నాణేలపై అంకెలను కుడి నుండి ఎడమకు చదవాలి.

కంపెనీ నాణేలు: మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1803, 1808 సంవత్సరాల ముద్రతో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో తయారైన ఇరవై కాసుల రాగి నాణేలు వీటిలో పేర్కొనదగినవి. 1835 నుండి కంపెనీ పాలిత ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయి వచ్చినది.

కాసు, రూక, డబ్బు, దుడ్డు వంటి మాటలు ఒకప్పుడు నాణేల పేర్లే. సీమ వాడుకలో డబ్బును నేటికీ దుడ్లు అంటారు.

దొరికిన చోటు ప్రాధాన్యత

దొరికిన చోటు విలువను చూపే ప్రసిద్ధ ఉదాహరణ తెలంగాణలోని కోటిలింగాల. గోదావరి ఒడ్డున ఉన్న ఈ ప్రాచీన స్థలంలో శాతవాహన వంశ స్థాపకుడైన సిముకుని నాణేలు, అతనికి ముందున్న గోబద, నారన, కంవాయసిరి, సమగోప వంటి స్థానిక పాలకుల నాణేలు లభించినవి. శాతవాహనుల తొలి దశ తెలుగు నేలతో ముడిపడి ఉన్నదనే వాదానికి ఇవి బలమైన ఆధారం. ఇవే నాణేలు ఊరు పేరు లేకుండా ఏ వ్యాపారి పెట్టెలోనో ఉంటే ఆ వాదానికి ఆసరా ఉండేది కాదు.

గుప్తనిధుల తవ్వకాలు

అనుకోకుండా దొరకడం వేరు, వెతుకుతూ తవ్వడం వేరు. నిధి ఉన్నదనే నమ్మకంతో పాత గుడులలో విగ్రహాలను పెకలించడం, గర్భగుడిని తవ్వడం, కోట గోడలను పడగొట్టడం రాయలసీమలో తరచు జరిగే నేరాలు. చిన్న పణాలు, రాగి కాసులు, పెంకులు ఆ హడావిడిలో మట్టిపాలవుతాయి. కాలనిర్ణయానికి పనికివచ్చే మట్టి పొరలు కలిసిపోతాయి.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారుల పర్యవేక్షణలోనే నిధి కోసం తవ్వకాలు మొదలైనవి. స్థానికుల అభ్యంతరాల మధ్య సాగిన ఈ పనిలో ఆశించిన నిధి దొరకలేదు. తవ్విన నేలను మాత్రం తిరిగి పూర్వస్థితికి తేవడం సాధ్యం కాదు.

చట్టం

భారత నిక్షేపాల చట్టం 1878లో అమలులోకి వచ్చినది. భూమిలో గాని, భూమికి అంటి ఉన్న కట్టడంలో గాని దాగి ఉన్న విలువగల ఏ వస్తువైనా దీని ప్రకారం నిక్షేపమే. రాష్ట్రాలు దీనికి సవరణలు చేసుకున్నవి. మూలచట్టంలోని ముఖ్యాంశాలు ఇవి:

- పది రూపాయల విలువకు మించిన నిక్షేపం దొరికినవారు అది ఏమిటో, ఎక్కడ, ఎప్పుడు దొరికినదో కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. దానిని దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా హామీ ఇవ్వాలి.
- కలెక్టరు ప్రకటన చేసి, హక్కుదారులను పిలిచి విచారణ జరుపుతారు.
- నూరేళ్ళలోపు దాచిన యజమాని ఎవరూ లేరని తేలితే అది అస్వామికమని ప్రకటిస్తారు. స్థల యజమానికి, కనుగొన్నవారికి మధ్య ఒప్పందం లేనప్పుడు కనుగొన్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థల యజమానికి ఒక వంతు చెందుతాయి.
- ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే లోహపు విలువకు ఐదవ వంతు కలిపి చెల్లించాలి.
- తెలియజేయనివారు తమ వాటా కోల్పోతారు. ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

లోహపు విలువే లెక్క కావడం ఈ చట్టంలోని లోపం. అరుదైన రాగి కాసును అప్పగించిన కూలీకి దాని చారిత్రక విలువ దక్కదు. అందువలన పేదలు మౌనంగా కరిగించడానికో అమ్మడానికో మొగ్గుచూపే ప్రమాదమున్నది.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలు పురావస్తువులు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు. గుత్తి కోట వంటి రక్షిత కట్టడాలలో అనుమతి లేకుండా తవ్వడం నేరం.

నాణేలు దొరికినప్పుడు

తవ్వకం ఆపి, కుండను, దాని చుట్టూ ఉన్న మట్టిని కదిలించకుండా ఉంచడం మంచిది. ఛాయాచిత్రం తీసి, చోటును, లోతును వ్రాసిపెట్టాలి. చింతపండు, నిమ్మరసం, బూడిదతో తోమితే అక్షరాలు అరిగిపోతాయి. తహసీల్దారుకు గాని పోలీసులకు గాని చెప్పి, కలెక్టరుకు వ్రాసి ఇచ్చి రసీదు తీసుకోవాలి. కనుగొన్నవారి వాటాకు ఆ కాగితమే సాక్ష్యం.