కత్తి దించి మడక పట్టినవాళ్లు

పత్తికొండలో మన్రో పేర ఒక మెట్లబావి ఉంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న ఇక్కడే కలరాతో చనిపోతే, ఆయన గుర్తుగా ప్రభుత్వం బావి కట్టించి చింతతోపు వేయించింది. మన్రో కూడా మొదట సైనికుడే. 1780లో మద్రాసు వచ్చి, హైదరాలీతో జరిగిన యుద్ధంలో పాల్గొని, ఆ తర్వాత శిస్తుల లెక్కల్లోకి దిగాడు.

1800 అక్టోబరులో నిజాం పత్తికొండ ఉన్న ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసేనాటికి ఇక్కడ 80 మంది దాకా పాలెగాళ్లు, వాళ్లకింద 30 వేలమంది ఆయుధం పట్టిన బంట్లు ఉన్నారని అప్పటి అంచనా. బంట్లలో చాలామందికి జీతానికి బదులు చేను. పిలుపొస్తే ఈటె, లేనినాడు మడక. పాలెగాళ్ల బలం విరిచిన కంపెనీ కొందరిని కట్టుబడులుగా ఉంచుకుంది. తక్కువ శిస్తుకు మాన్యం ఇచ్చేది, బదులుగా వాళ్లు ఊరు కాయాలి, దొంగల్ని పట్టాలి. మిగిలినవాళ్లకు సేద్యమే దిక్కు.

ఆ దిక్కు తేలికైనది కాదు. రేగడి నేల కొన్నేళ్లు బీడు పడితే గడ్డి వేళ్లు లోతుకు దిగుతాయి. మామూలు మడక పైపైన గీరుతుందంతే. పెద్దమడక కట్టాలి, దాన్ని లాగడానికి నాలుగైదు జతల ఎద్దులు కావాలి. ఒక్క ఇంట్లో అన్ని ఎద్దులెక్కడివి? పదిమందినీ అడగాలి, వాళ్ల చేలల్లో బదులు చేయాలి. ఈ కష్టానికి తోడు శిస్తు బరువు. నూటికి 25 వంతులు తగ్గించాలని 1807లో ఈ సీమ విడిచి వెళ్లిపోతూ మన్రో రాశాడు. ఆయనే గవర్నరై తిరిగొచ్చిన 1820 దాకా అది అమలు కాలేదు. పదమూడేళ్లంటే రైతుకు పదమూడు పంటలు.

మాన్యాలమీద కంపెనీ కన్ను పడ్డప్పుడు కట్టుబడులు ఊరుకోలేదు. 1846లో కంపెనీపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవారిలో వాళ్లున్నారు. ఆ తిరుగుబాటును ఒక పాలెగాడి భరణం తగాదాగా చూస్తే సగమే చూసినట్టు. చేను పోతుందన్న భయం మిగతా సగం. 1859 పోలీసు చట్టంతో కట్టుబడి కొలువుల అవసరం తీరిపోయింది. ఇనాం కమిషన్ మాన్యాలకు హక్కుపత్రాలిచ్చింది. బంటు పూర్తిగా రైతయ్యాడు. ఇరవై ఏళ్లయినా నిండకముందే ధాత కరువు వచ్చి, కర్నూలు జిల్లా జనాభాలో పావు వంతు దాకా తరిగిపోయింది.

ఇప్పుడు ఊళ్లో ‘మిలిటరీ ఆయన’ అంటే పింఛనున్నవాడు. సిపాయికి పింఛను రావడానికి 15 ఏళ్ల సర్వీసు చాలు కనుక నలభై లోపే ఇంటికొస్తాడు. మాజీ సైనికులకు ప్రభుత్వం సాగుభూమి పట్టా ఇస్తుంది, పదేళ్లయ్యాక అమ్ముకోనిస్తుంది. అమ్మేశాడని వేలెత్తి చూపేవాళ్లు ఆ చేలో ఒక్క ఖరీఫ్ నిలబడి చూడాలి. ఎర్రనేల, గులకరాళ్లు. బుడ్డలు వేస్తే ఊడలు దిగే వేళకు వాన తప్పుతుంది, పీకితే కాయలో గింజ ఉండదు. బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. టమోటా దండిగా పండిన ఏడు పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయి, గంపలకు గంపలు రోడ్డుపక్కన పారబోస్తారు. పింఛను డబ్బు చేనికి పెట్టి, చేను పింఛను తినేస్తుంటే ఎవరైనా ఎన్నాళ్లు చేస్తారు?

రెండు వందల ఏళ్లుగా కత్తి దించినవాడికి ఇక్కడ నేల ఇస్తూనే ఉన్నారు. నీళ్లిచ్చినవాళ్లు తక్కువ. ఈనాడు హంద్రీ-నీవా కింద పందికోన జలాశయం ఉంది. దాని నీళ్లు పిల్లకాలువల్లో చివరి మెట్టచేను దాకా పారించాలి. సైనికుడికి పట్టా రాసే అధికారులు ఆ చేనికి నీళ్లెలా వస్తాయో కూడా అందులోనే రాయాలి.