సాంఘిక శాస్త్ర బోధన – చారిత్రక అన్యాయాలు (కరీంనగర్, ఆదిలాబాద్)

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలకు వెట్టిచాకిరి, అన్యాక్రాంతమైన ఆదివాసీ భూములు ఇంట్లో విన్న ముచ్చట్లే. 1940లో జోడేఘాట్ వద్ద గోండు నాయకుడు కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించాక, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ వచ్చాడు. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలు వెలువడ్డాయి. నష్టపోయినవారి బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పే ప్రయత్నం నేటికీ అరుదే.

భీం పోరాటం, వెట్టిచాకిరి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. దగ్గరి చరిత్రే చెప్పడం కష్టం: 1978లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసు కాల్పులు. ఇంద్రవెల్లిలో మృతులు 13 మందని ప్రభుత్వం ప్రకటించింది; హక్కుల సంఘాల లెక్క అంతకు చాలా ఎక్కువ. రెండు లెక్కలనూ పిల్లల ముందుంచి, ఎవరు ఎలా లెక్కించారో అడగనివ్వడమే సరైన పాఠం.